మొక్కజొన్న పొత్తు – పరిశోధకుల పొత్తు

శాస్త్రజ్ఞుడు అనగానే మన మనస్సులో ఒక బొమ్మ మెదులుతుంది. గాజు గొట్టాల నడుమ, లోకాన్ని మరచి, రాత్రింబవళ్ళు ఒంటరిగా కృషి చేసే మనిషి బొమ్మ అది. పాఠ్యపుస్తకాలు కూడా ఈ బొమ్మనే బలపరుస్తాయి. ఒక నియమం, దాని పక్కన ఒక పేరు, ఒక సంవత్సరం: అంతటితో సరి. కాని శాస్త్రచరిత్రను కొంచెం దగ్గరగా పరిశీలించినవారికి వేరొక సంగతి కనబడుతుంది. ఎన్నో గొప్ప ఫలితాలు ఒకరి నోటుపుస్తకాన్ని మరొకరు తిరగవేసే బల్లల దగ్గర పుట్టాయి. ఇంకా అచ్చుకాని సంగతులను మోసుకొనిపోయిన ఉత్తరాల ద్వారా పెరిగాయి.

అట్టి కూటములలో ఒకదానిని గురించి ఈ వ్యాసంలో తెలుసుకొందాం. ఇది అమెరికాలో మొక్కజొన్న మీద పనిచేసిన జన్యుశాస్త్ర పరిశోధకుల చరిత్ర. అందులో ముఖ్యపాత్ర వహించినవారిలో చాలామంది ఆనాటికి ఇంకా పరిశోధక విద్యార్థులే; కొందరు అప్పుడప్పుడే డాక్టరేటు పొందినవారు. వారందరి ముందూ ఒక చిక్కు ప్రశ్న ఉండేది. పరిశోధక విద్యార్థికి ఉన్న ఆస్తి అంతా తాను కనిపెట్టిన, ఇంకా ప్రకటించని ఫలితాలే. దానిని ఆధారం చేసుకొనే అతనికి పట్టమూ, ఉద్యోగమూ రావాలి. అట్టి ఆస్తిని ముందుగానే పదిమందికీ చెప్పివేయడం తెలివైన పనేనా? చెప్పకుండా దాచుకొంటే శాస్త్రం ముందుకు సాగేదెట్లా?

ఈగల గది

ఈ కథకు పూర్వరంగం న్యూయార్కు నగరంలోని కొలంబియా విశ్వవిద్యాలయంలో జరిగింది. 1910 ప్రాంతంలో థామస్ హంట్ మోర్గన్ అనే ఆచార్యుడు అక్కడ పండ్ల మీద వాలే చిన్న ఈగలను పాలసీసాలలో పెంచి, వాటిలో లక్షణాలు తరతరానికీ ఎట్లా సంక్రమిస్తాయో పరిశీలిస్తూ ఉండేవాడు. ఈ ఈగను శాస్త్రజ్ఞులు డ్రోసోఫిలా అంటారు. ఆయన ప్రయోగశాల ఒక ఇరుకైన గది. దానికి ‘ఈగల గది’ అనే పేరు స్థిరపడింది. ఆల్ఫ్రెడ్ స్టర్టివెంట్, కాల్విన్ బ్రిడ్జెస్, హెర్మన్ ముల్లర్ మొదలైన విద్యార్థులు అక్కడే ఆచార్యునితోపాటు కూర్చొని పనిచేసేవారు. ఒకరికి వచ్చిన ఆలోచనను మరుక్షణమే మరొకరు విమర్శించేవారు. మూడవవాడు దానిని పరీక్షించేవాడు. ఆలోచన ఎవరిది, ప్రయోగం ఎవరిది అని విడదీయడమే కొన్నిసార్లు కష్టంగా ఉండేది.

1911లో ఒక సాయంత్రం మోర్గన్‌తో మాట్లాడుతూ ఉండగా స్టర్టివెంట్‌కు ఒక ఊహ తట్టింది. అప్పటికి అతడు ఇరవై ఏళ్ళ ప్రాయపు విద్యార్థి. ఆ గదిలో పోగుపడిన లెక్కలను ఇంటికి తీసుకొనిపోయి, తన తరగతి పాఠాలు పక్కనబెట్టి, తెల్లవారేసరికి ప్రపంచంలో మొట్టమొదటి జన్యుపటాన్ని తయారుచేశాడు. 1913లో అది అచ్చయింది. ఆ లెక్కలలో చాలా భాగం తోటివారు ప్రోగుచేసినవే అన్న సంగతి ఇక్కడ ముఖ్యం. లెక్కలను ఎవరికివారు బీరువాలో పెట్టి తాళం వేసుకొని ఉంటే ఆ రాత్రి ఆ పటం తయారయ్యేది కాదు.

జన్యుపటం అంటే ఏమిటి?

జన్యువులు క్రోమోసోముల మీద, దారానికి గుచ్చిన పూసలవలె, వరుసగా అమరి ఉంటాయి. ఒక దారం మీది పూసలు కలిసే ప్రయాణం చేస్తాయి గనుక, ఒకే క్రోమోసోము మీది లక్షణాలు సాధారణంగా కలిసే సంతానానికి వస్తాయి. దీనినే సహలగ్నత అంటారు. కాని బీజకణాలు ఏర్పడే సమయంలో జంటలోని రెండు క్రోమోసోములూ ఒక్కొక్కచోట తెగి, ముక్కలు మార్చుకొని, మళ్ళీ అతుక్కొంటాయి. దీనికి వినిమయం అని పేరు. రెండు పూసలు దగ్గరగా ఉంటే వాటి నడుమ దారం తెగే అవకాశం తక్కువ. దూరంగా ఉంటే ఎక్కువ. కనుక సంతానంలో నూటికి ఎన్నింటిలో లక్షణాలు విడిపోయాయో లెక్కిస్తే, ఆ రెండు జన్యువుల నడుమ దూరం తెలుస్తుంది.

మొక్కజొన్న ఈ లెక్కకు ఎంతో అనువైనది. పొత్తు మీది ప్రతి గింజా విడివిడిగా ఫలదీకరణం పొందిన ఒక సంతానం. ఒక్క పొత్తులో కొన్ని వందల సంతానం వరుసలు తీరి కనబడుతుంది. మగపూలు మొక్క కొసనా, ఆడపూలు కాండం నడుమా ఉంటాయి గనుక, సంచులు కట్టి, మనకు కావలసిన పుప్పొడిని కావలసిన పీచు మీద చల్లడం సులభం.

కార్నెల్ విశ్వవిద్యాలయంలో హచిసన్ 1920ల ఆరంభంలో ప్రకటించిన లెక్కను చూడండి. రంగుగల నిండు గింజలు ఒక రకం. రంగులేని, నొక్కుకుపోయిన గింజలు మరొక రకం. ఈ రెండింటి సంకరం వల్ల కలిగిన మొక్కను తిరిగి రంగులేని, నొక్కుకుపోయిన రకంతో సంకరింపజేశారు. మొత్తం 8,368 గింజలు వచ్చాయి. వాటిలో రంగుగల నిండు గింజలు 4,032. రంగులేని నొక్కు గింజలు 4,035. ఇవి తాతల లక్షణాలను కలిపే ఉంచుకొన్నవి. రంగుగల నొక్కు గింజలు 149. రంగులేని నిండు గింజలు 152. ఈ 301 గింజలలో మాత్రమే లక్షణాలు విడిపోయాయి. 301ని 8,368తో భాగించి నూటితో గుణిస్తే సుమారు 3.6 వస్తుంది. అనగా ఈ రెండు జన్యువుల నడుమ దూరం 3.6 ప్రమాణాలు. మోర్గన్ గౌరవార్థం ఈ ప్రమాణాన్ని సెంటీమోర్గన్ అంటారు.

ఒక్కరి వల్ల కాని పని

రెండు జన్యువుల దూరం తెలిసినంత మాత్రాన పటం తయారుకాదు. క, చ, ట అనే మూడు జన్యువులు ఉన్నాయనుకొందాం. ఒక విద్యార్థి క–చ దూరం 10 అని కనిపెట్టాడు. వేరొక ఊళ్ళో వేరొక విద్యార్థి చ–ట దూరం 15 అని కనిపెట్టాడు. ఎవరి లెక్క వారి దగ్గరే ఉంటే అవి రెండు విడి అంకెలు మాత్రమే. రెండింటినీ కలిపితే ఒక ప్రశ్న పుడుతుంది: చ అనేది నడుమ ఉన్నట్లయితే క–ట దూరం దాదాపు 25 కావాలి, క అనేది చ, ట ల నడుమ ఉన్నట్లయితే 5 కావాలి. ఇక ఒక్క సంకరం చేసి చూస్తే మూడింటి వరుస తేలిపోతుంది. ఇద్దరి అజ్ఞాతవాసంలో లేని ప్రశ్న ఇద్దరూ కలిసినప్పుడు పుట్టిందన్నమాట.

ఇప్పుడు పని ఎంతటిదో ఆలోచించండి. జన్యువులు 100 ఉంటే, వాటిని రెండేసి చొప్పున 4,950 జతలుగా చేయవచ్చు. డ్రోసోఫిలా ఈగకు క్రోమోసోములు 4 జతలే; వెచ్చని గదిలో సుమారు 10 రోజులకే కొత్త తరం వస్తుంది. మొక్కజొన్నకు క్రోమోసోములు 10 జతలు. చల్లని దేశంలో పొలం మీద ఏటికి ఒక్క పంటే. డాక్టరేటుకై మూడు నాలుగేళ్ళు పనిచేసే విద్యార్థి చేతికి వచ్చేవి మూడు నాలుగు పంటలు. ఒక పంట వడగళ్ళకో, తెగులుకో పోయిందంటే ఒక సంవత్సరం పోయినట్లే. ఈగల గదిలోనివారు ఒక గదిలో కూర్చొని సాధించినదానిని, మొక్కజొన్న పరిశోధకులు దేశమంతటా ఉన్న పొలాలను కలుపుకొంటే తప్ప సాధించలేరు.

ఎమర్సన్ ఉత్తరం

ఈ సంగతిని గ్రహించి ఆచరణలో పెట్టినవాడు రాలిన్స్ ఎమర్సన్. ఆయన 1873లో జన్మించాడు. నెబ్రాస్కాలో పనిచేసి, 1914లో న్యూయార్కు రాష్ట్రంలోని ఇథాకా పట్టణంలో ఉన్న కార్నెల్ విశ్వవిద్యాలయానికి వచ్చాడు. 1920ల చివర ఆయన చుట్టూ అసాధారణమైన యువబృందం చేరింది. 1927లో డాక్టరేటు పొందిన బార్బరా మక్లింటాక్, పరిశోధక విద్యార్థులైన జార్జి బీడిల్, మార్కస్ రోడ్స్, కొత్తగా వచ్చి చేరిన చార్లెస్ బర్న్‌హామ్ మొదలైనవారు ఆ బృందంలోనివారే. వీరిలో బీడిల్‌కు 1958లోనూ, మక్లింటాక్‌కు 1983లోనూ నోబెల్ బహుమానాలు లభించాయి.

1928 శీతాకాలంలో న్యూయార్కు నగరంలో శాస్త్రజ్ఞుల సమావేశాలు జరిగినప్పుడు, మొక్కజొన్న మీద పనిచేసేవారిని ఎమర్సన్ ఒకచోట కూర్చోబెట్టాడు. ఎవరి దగ్గర ఏయే లెక్కలు ఉన్నాయో చెప్పుకొన్నారు. ఏ సహలగ్న సమూహం పని ఎవరు చూడాలో పంచుకొన్నారు. 1929లో ఎమర్సన్ అప్పటికి తెలిసిన సహలగ్నత వివరాలన్నీ క్రోడీకరించి, ఒక ఉత్తరంగా వారందరికీ పంపించాడు. అచ్చయిన వ్యాసాలలోని అంకెలతోపాటు, ఎవరి నోటుపుస్తకాలలోనో ఉన్న అచ్చుకాని అంకెలు కూడా అందులో చేరాయి.

1932లో ఆరవ అంతర్జాతీయ జన్యుశాస్త్ర మహాసభ ఇథాకాలోనే జరిగింది. ఆ సందర్భాన ఈ పొత్తు ‘మొక్కజొన్న జన్యుశాస్త్ర సహకార సంఘం’గా రూపుదాల్చింది. ఆనాటినుండి ఉత్తరం వార్తాలేఖగా మారింది. మార్కస్ రోడ్స్ వంటి యువకులు దాని పనిని భుజాన వేసుకొన్నారు. ఖరీదైన ముద్రణ లేకుండా, యంత్రం మీద టైపు చేసి నకళ్ళు తీసిన కాగితాలే అవి. 1935లో ఎమర్సన్, బీడిల్, ఫ్రేజర్ కలిసి మొక్కజొన్న సహలగ్నతపై సమగ్రమైన సంకలనాన్ని ప్రకటించగలగడానికి ఈ కాగితాలే పునాది.

ఇదే కాలంలో మక్లింటాక్ మరొక గొప్ప మేలు చేసింది. మొక్కజొన్న కణాలకు రంగు పట్టించి, సూక్ష్మదర్శినిలో చూసి, పది క్రోమోసోములనూ వాటి పొడవును బట్టీ, ఆకారాన్ని బట్టీ గుర్తించి, పెద్దదానికి 1, చిన్నదానికి 10 అని సంఖ్యలు ఇచ్చి, 1929లో ప్రకటించింది. అంతవరకూ సహలగ్న సమూహాలు లెక్కలలో ఉండేవి. క్రోమోసోములు సూక్ష్మదర్శినిలో ఉండేవి. ఏ సమూహం ఏ క్రోమోసోముకు చెందుతుందో తేల్చడానికి పొలంలో సంకరాలు చేసేవారూ, కణాలను పరిశీలించేవారూ చేతులు కలపవలసి వచ్చింది. కొద్ది సంవత్సరాలలోనే ఆ పని పూర్తయింది.

పొత్తుకు కట్టుబాట్లు

మంచి మనస్సు ఉన్నంత మాత్రాన పొత్తు నిలవదు. ఉమ్మడి సేద్యం చేసే రైతులు కూడా నీటి వంతులు ముందుగా మాట్లాడుకొంటారు. ఈ సంఘానికి కూడా కొన్ని కట్టుబాట్లు ఏర్పడ్డాయి.

మొదటిది: వార్తాలేఖలోని సమాచారాన్ని, దానిని ఇచ్చినవారి అనుమతి లేకుండా, ఎవరూ తమ వ్యాసాలలో వాడుకోరాదు. ఇది పైకి చిన్న నియమమే. కాని విద్యార్థి భయానికి ఇదే మందు. ఫలితాన్ని చెప్పినందువల్ల దాని మీద తన హక్కు పోదనే నమ్మకం కలిగితేనే అతడు నోరు విప్పుతాడు. చదివినవారు దానిని ఆలోచనకు వాడుకోవచ్చు, ప్రయోగానికి వాడుకోవచ్చు. పేరుకు మాత్రం వాడుకోరాదు.

రెండవది: విత్తనాలు అడిగినవారికి ఇవ్వాలి. ఒక ఉత్పరివర్తనం కనిపెట్టానని ఎవరైనా ప్రకటిస్తే, ఇతరులు దానిని పరీక్షించాలంటే ఆ గింజలు వారి చేతికి రావాలి. గింజలు ఎల్లకాలం మొలకెత్తే శక్తిని నిలుపుకోవు. అప్పుడప్పుడు విత్తి, జాగ్రత్తగా పరాగసంపర్కం చేసి, కొత్త గింజలు పట్టాలి. ఒక విద్యార్థి పట్టం పొంది వెళ్ళిపోతే అతని గింజలు అనాథలు కారాదు. అందుకని సంఘం ఒక ఉమ్మడి విత్తన భాండారాన్ని కార్నెల్‌లో నెలకొల్పింది. 1953లో అది ఇల్లినాయ్ విశ్వవిద్యాలయానికి మారింది.

మూడవది వ్రాతలో లేకపోయినా ఆచరణలో నిలిచింది: చిన్న సంగతి అయినా, అసంపూర్ణమైనదైనా, ఫలించని ప్రయత్నమైనా చెప్పడం. పెద్ద పత్రికలు పూర్తయిన పనినే అచ్చువేస్తాయి. ‘ఈ రెండు జన్యువుల నడుమ సహలగ్నత కనబడలేదు’ అనే వాక్యం వాటి దృష్టిలో వార్త కాదు. కాని అదే సంకరాన్ని వచ్చే ఏడు చేయబోయే విద్యార్థికి ఆ వాక్యం ఒక పంటను మిగులుస్తుంది.

స్పర్ధ మాట ఏమిటి?

ఇంతమాత్రం చేత ఈ సంఘంలో పోటీ లేదని అనుకోరాదు. 1931 నాటి ఒక ఉదంతం దీనికి సాక్ష్యం. మక్లింటాక్, ఆమె వద్ద పనిచేస్తున్న విద్యార్థిని హారియట్ క్రైటన్ కలిసి ఒక మూలప్రశ్నను పరిష్కరింప బూనుకొన్నారు. వినిమయంలో క్రోమోసోములు నిజంగానే ముక్కలు మార్చుకొంటాయా, లేక అది లెక్కలకోసం మనం చేసుకొన్న ఊహ మాత్రమేనా అన్నది ఆ ప్రశ్న.

వారు 9వ క్రోమోసోమును ఎన్నుకొన్నారు. వారి వద్ద ఉన్న ఒక రకంలో ఈ క్రోమోసోము ఒక కొసన బొడిపె ఉండేది. రెండవ కొసన వేరొక క్రోమోసోము ముక్క అతుక్కొని ఉండేది. ఈ రెండు గుర్తులూ సూక్ష్మదర్శినిలో కంటికి కనబడతాయి. వాటి నడుమ గింజ రంగుకూ, గింజలోని పిండి మైనం వంటి రకం కావడానికీ సంబంధించిన జన్యువులు ఉన్నాయి. లక్షణాలు విడిపోయిన గింజలను మొలకెత్తించి క్రోమోసోములను చూడగా, ఆ కంటి గుర్తులు కూడా విడిపోయి కనిపించాయి. అనగా వినిమయం నిజంగా జరిగే భౌతికమైన మార్పిడియే.

వారు ఇంకొక పంట లెక్కలు కూడా చేరిన తరువాత ప్రకటించాలని అనుకొన్నారు. అప్పుడు కార్నెల్‌కు ఉపన్యాసాలకై వచ్చిన మోర్గన్, ఆగవద్దని, వెంటనే ప్రకటించమని పట్టుబట్టాడు. 1931 ఆగస్టులో వారి వ్యాసం వెలువడింది. అదే సంవత్సరం, వారి తరువాత కొద్దికాలానికే, కర్ట్ స్టెర్న్ అనే శాస్త్రజ్ఞుడు డ్రోసోఫిలాలో అదే నిరూపణను ప్రకటించాడు. ఆచార్యుడు కొంచెం తొందరపెట్టి ఉండకపోతే ఆ విద్యార్థిని మొదటి పెద్ద ఫలితానికి ద్వితీయస్థానమే దక్కి ఉండేది. పొత్తులో ఉన్న పెద్దలు చిన్నవారి హక్కును కనిపెట్టి ఉండవలసిన అవసరం దీనివల్ల తెలుస్తుంది.

పొత్తు అన్నిటికీ మందు కాదని తెలిపే సంగతి కూడా ఒకటి ఉన్నది. మక్లింటాక్ 1940లలో కొన్ని జన్యు అంశాలు క్రోమోసోము మీద ఒకచోటినుండి మరొకచోటికి కదలగలవని కనిపెట్టింది. 1950లో వ్యాసంగా ప్రకటించింది. 1951లో కోల్డ్ స్ప్రింగ్ హార్బర్ సదస్సులో వివరించింది. మొక్కజొన్న పరిశోధకులలో కొందరు తప్ప, విన్నవారిలో అత్యధికులు దాని ప్రాముఖ్యాన్ని గ్రహించలేదు. బాక్టీరియాలలోనూ ఇట్టి కదిలే అంశాలు బయటపడిన తరువాతనే లోకం వెనుదిరిగి చూసింది. సంగతి అందరికీ చేరడం వేరు, అందరికీ అర్థం కావడం వేరు.

ఇతర చేలలో ఇదే విత్తనం

మొక్కజొన్నవారి మార్గం త్వరలోనే ఇతరులకు ఆదర్శమైంది. 1934లో బ్రిడ్జెస్, డెమెరెక్ కలిసి డ్రోసోఫిలా పరిశోధకులకు ఒక సమాచార పత్రికను ఆరంభించారు. ఎవరి వద్ద ఏ ఈగ రకాలు ఉన్నాయో, ఎవరు ఏ పని చేస్తున్నారో అందులో ఉండేది. 1964లో అరబిడాప్సిస్ అనే ఆవజాతి చిన్న మొక్క మీద పనిచేసేవారు జర్మనీనుండి ఇట్టి పత్రికనే తెచ్చారు. 1974లో సిడ్నీ బ్రెన్నర్ ఒక సూక్ష్మమైన నేలపురుగు జన్యుశాస్త్రాన్ని వివరించిన మరుసటి ఏడే, 1975లో, ఆ పురుగును పెంచేవారి వార్తాలేఖ బయలుదేరింది. ఆ పురుగు జన్యుపదార్థపు పూర్తి పాఠం 1998లో వెలువడింది. జంతువులలో అదే మొదటిది. ఆ కృషిలో అలవడిన పంచుకొనే సంప్రదాయం మానవ జన్యుపాఠ పథకానికీ సంక్రమించింది. 1996లో బెర్ముడాలో సమావేశమైన శాస్త్రజ్ఞులు, చదివిన పాఠాన్ని 24 గంటలలోగా అందరికీ అందుబాటులో ఉంచాలని తీర్మానించుకొన్నారు.

మన దేశంలో మొక్కజొన్న పరిశోధన కూడా సహకారం మీదనే నిలబడింది. 1957లో ఆరంభమైన అఖిల భారత సమన్వయ మొక్కజొన్న పథకం వివిధ రాష్ట్రాల కేంద్రాలను ఒక్క త్రాటిపైకి తెచ్చింది. హైదరాబాదు ఆ కేంద్రాలలో ఒకటి. ఒకే రకాన్ని భిన్నమైన నేలలలో, వాతావరణాలలో విత్తి, ఫలితాలను సరిపోల్చడం దాని పద్ధతి. 1961లో విడుదలైన తొలి సంకర రకాలలో ‘దక్కన్’ అనే పేరుగలది ఒకటి.

ఉపాధ్యాయులకు ఒక సూచన

పరిశోధక విద్యార్థుల ఈ అనుభవం ఉన్నత పాఠశాలలకు కూడా పనికివస్తుంది. నాలుగైదు ఊళ్ళ పాఠశాలలు ఒక చిన్న పొత్తు కట్టవచ్చు. ఉదాహరణకు, ఒకే సంచిలోని మొక్కజొన్న గింజలను పంచుకొని, ఒక్కొక్క పాఠశాలలో వంద గింజలను తడిపి, ఎన్నవ రోజున ఎన్ని మొలకెత్తాయో లెక్కించవచ్చు. కొందరు నీడలో, కొందరు వెలుగులో, కొందరు బావినీటితో, కొందరు వాననీటితో చేయవచ్చు. నెలకొక ఉత్తరం వ్రాసుకోవాలి. అందులో నాలుగు సంగతులు ఉంటే చాలు: ఏమి చేశాము, ఎంత లెక్కించాము, ఏది ఫలించలేదు, ఇతరులనుండి ఏమి కావాలి. లెక్క చేసిన విద్యార్థి పేరు ఉత్తరంలో తప్పక ఉండాలి. ఇతరుల లెక్కను గోడపత్రికలో చూపదలచుకొంటే వారిని అడిగే చూపాలి.

లెక్కలు తారుమారుగా వచ్చినప్పుడు విద్యార్థులు నిరుత్సాహపడకుండా చూడవలసిన బాధ్యత ఉపాధ్యాయులది. ఒక ఊరిలో 90 గింజలు మొలిచి, పక్క ఊరిలో 60 మాత్రమే మొలిస్తే, ఎవరు తప్పు చేశారని విచారణ చేయడం కంటే, నీటిలోనో, వేడిలోనో, గింజలు నిలవ ఉంచిన తీరులోనో భేదం ఏమున్నదో వెదకమని చెప్పడం మేలు. ఆ వెదకులాటకు రెండు ఊళ్ళ లెక్కలూ కావాలి. అందుచేత 60 వచ్చిన పాఠశాల తన అంకెను దాచక వ్రాయడం 90 వచ్చిన పాఠశాలకు కూడా ఉపకారమే.